లజానియాకు తూకాలతో పాటు గంటలు కూడా అచ్చువేయండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. కొద్ది నెలల క్రితం మీ ఆదివారం అనుబంధంలో, క్రూయిజ్ ఓడలో వడ్డించే లజానియాను, అంటే పిండి రేకుల మధ్య మాంసం సాసూ చీజూ పేర్చి ఓవెన్‌లో కాల్చే ఇటలీ వంటను, ముప్పావు గంటలో ఇంట్లోనే చేసుకోవచ్చంటూ ఒక వంటకం వచ్చింది. అది చదివి నేను ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను. అయితే ఆ ముప్పావు గంటను నమ్మి చేసిన వంట పాడైంది. ఆ తర్వాత మరో మూడుసార్లు చేసి చూస్తే తప్ప అసలు సంగతి బోధపడలేదు. ఆ వంటకంలో చెప్పకుండా వదిలేసినవి ఏమిటో, వాటిని చెప్పడం ఎందుకు అవసరమో మీకూ, నాలాగే ఆశపడి ఉండే తోటి పాఠకులకూ తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మతో కలిసి నేను చేసిన ఓడ ప్రయాణం బార్సిలోనాలో మొదలై మార్సెయ్, జెనోవా, రోమ్ నగరానికి రేవైన చివితావెక్కియా మీదుగా సాగి, ఏడు రాత్రుల తర్వాత మళ్లీ బార్సిలోనాలో ముగిసింది. పళ్లు సరిగా లేని మా అమ్మకు మొదటి రెండు పూటలూ ఏం తినాలో పాలుపోలేదు. మూడో పూట వడ్డించే అబ్బాయి ఆమె ఇబ్బంది గమనించి, తనే వెళ్లి ఒక చదరపు ముక్కను పళ్లెంలో పెట్టి తెచ్చాడు. ఆ ముక్క నాలుగు వైపులా గోడ కట్టినట్టు నిటారుగా నిలబడి ఉంది. పక్కనుంచి చూస్తే పసుపుపచ్చని పిండి రేకులూ, వాటి మధ్య ఎర్రని మాంసం పొరలూ, ఆ రెంటినీ విడదీస్తూ సన్నని తెల్లని గీతలూ లెక్కపెట్టుకోగలిగినంత స్పష్టంగా కనిపించాయి. రేకులు ఆరు ఉన్నాయి. అది ట్రే మూలనుంచి తీసిన ముక్క కావడంతో రెండు అంచులు ముదురు గోధుమ రంగుకు తిరిగి, ఫోర్కు తగలగానే చిన్న చప్పుడుతో విరిగాయి. లోపలి భాగం మాత్రం ఫోర్కు బరువుకే దిగిపోయింది. మా అమ్మ ఆ పూట పళ్లెం ఖాళీ చేసింది, మిగిలిన రోజుల్లోనూ మూల ముక్కే అడిగి తెప్పించుకుంది. ఇప్పుడామె మళ్లీ ప్రయాణం చేసే స్థితిలో లేదు. ఆ లజానియా గురించి మాత్రం అడుగుతూనే ఉంటుంది. మీరు అచ్చువేసిన వంటకం నాకు అంత ముఖ్యమైనదిగా కనిపించడానికి కారణం ఇదే.

మీ వంటకం ప్రకారం కీమాను ఉల్లిపాయతో వేయించి, టొమాటో గుజ్జు పోసి ఇరవై నిమిషాలు ఉడికించాను. రేకుల మధ్య తాజా మోజరెల్లా చీజ్ ముక్కలు పేర్చాను, ఓవెన్‌లో పెట్టి తీసిన వెంటనే కోశాను. కత్తి దిగీ దిగగానే పై పొర ఒక పక్కకు, కింది పొర మరో పక్కకు జారిపోయాయి. ట్రే అడుగున వేలెడు లోతు ఎర్రని నీళ్లు నిలిచాయి. రుచి మరీ తీసిపారేసేలా లేదు కానీ, అది పొరలు కట్టిన వంటకం కాదు, సాసులో నానిన పిండి ముక్కలు. మా అమ్మ రెండు చెంచాలు తిని, ‘ఇది నిలబడలేదమ్మా’ అంది. ఆ తర్వాత నేను పడిన శ్రమంతా ఆ నిలబడకపోవడానికి కారణం ఏమిటో వెతకడానికే సరిపోయింది.

జవాబు నిజానికి ఆ ఓడలోనే నా కళ్లముందు కనిపించింది. ప్రయాణం ఐదో రోజున మమ్మల్ని ఓడ వంటగదికి, అంటే గ్యాలీకి, తీసుకెళ్లి చూపించారు. అక్కడ ఒక ఉక్కు అలమరలో వరుసగా పేర్చిన ట్రేలలో లజానియా చల్లగా ఉంది, అప్పటికే చదరాలుగా కోసి ఉంది. అది ఆ రాత్రికి వడ్డించబోయేదనీ, వండింది మాత్రం అంతకు ముందు రోజనీ ఒక వంటమనిషి చెప్పాడు. వేలమందికి ఒకే పూట వడ్డించాల్సిన చోట ముందురోజు వండుకోవడం తప్పనిసరి కాబట్టి అలా చేస్తున్నారని అప్పుడు అనుకున్నాను. నేను అంత ఇష్టపడిన రుచికీ, ఆకృతికీ కూడా ఆ ఒక్క రాత్రి విరామమే చాలావరకు కారణమని ఇంటికి వచ్చి చేతులు కాల్చుకున్నాక గాని తెలియలేదు.

ఆ విరామంలో జరిగేది ఇది. రేకుల్లోనూ, తెల్లని గీతలుగా కనిపించిన సాసులోనూ ఉన్న పిండిపదార్థం వేడిలో నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, చల్లబడే కొద్దీ బిగుసుకుంటుంది. మాంసాన్ని సన్నని సెగమీద చాలాసేపు ఉడికిస్తే కండలోని కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ కరిగి జిగురులాంటి జెలటిన్‌గా మారుతుంది, అది కూడా చల్లారితే గడ్డకడుతుంది. కరిగిన చీజ్ తిరిగి గట్టిపడుతుంది. పొరల మధ్య కదులుతున్న తడిని రేకులు నెమ్మదిగా తమలోకి తీసుకుంటాయి. ఇవన్నీ కలిసి పొరలను ఒకదానికొకటి అంటిపెడతాయి. తర్వాత మళ్లీ వేడి చేసినా మొదటిసారి ఉన్నంత జారుడుగా అవి తిరిగి మారవు. ఓవెన్‌నుంచి తీసిన వెంటనే కోసినవాడికి ఈ పని ఒక్కటీ జరగలేదన్నమాట. అదే పూట వడ్డించక తప్పని పరిస్థితిలో కనీసం అరగంటైనా కదపకుండా ఉంచితే చాలావరకు మేలు, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మరీ మేలు. మీ వంటకంలో ఈ అరగంట మాట కూడా లేదు.

ఇక మాంసం సాసు సంగతి. ఇటలీలో దీన్ని రగూ అంటారు. బొలోనా నగరపు రగూ ఎలా ఉండాలో ఇటాలియన్ పాకశాస్త్ర అకాడమీ వారు 1982 అక్టోబరు 17న ఆ నగర వాణిజ్య మండలిలో అధికారికంగా నమోదు చేయించారు. 2023లో దాన్ని సవరించి మళ్లీ నమోదు చేశారు. సవరించిన పాఠంలో మూత పెట్టి నెమ్మదిగా రెండు గంటలు, మాంసాన్ని బట్టి మూడు గంటలు కూడా ఉడికించమని ఉంది. 1982 పాఠంలో ఒక గ్లాసు పాలు కూడా పోయమన్నారు. టొమాటో ఆ వంటలో సహాయకురాలే తప్ప నాయిక కాదు. మీ వంటకం పీఠికలో టొమాటో లేనిదే లజానియా లేదని రాశారు. నేపుల్స్ రాజాస్థానానికి చెందిన 14వ శతాబ్దపు లాటిన్ వంటల గ్రంథంలో ఉడికించిన పిండి రేకుల మధ్య తురిమిన చీజ్, మసాలా పొడి చల్లి పేర్చే లజానియా ఉంది. టొమాటో అమెరికా ఖండాలనుంచి యూరప్‌కు వచ్చింది 16వ శతాబ్దంలో. ఈ చరిత్రను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. టొమాటోయే ప్రధానమనుకున్నందువల్లనే మీ వంటకంలో సాసు అంత పల్చగా, పుల్లగా తయారైందని నా నమ్మకం.

మూడోసారి నేను రగూకు మూడు గంటలు ఇచ్చాను. 750 గ్రాముల కీమాకు 150 గ్రాముల ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ వంద గ్రాముల చొప్పున చాలా సన్నగా తరిగి, వెన్నలో పచ్చివాసన పోయి మెత్తబడేవరకు మగ్గనిచ్చాను. కీమాను విడిగా, వెడల్పాటి మూకుడులో రెండు విడతలుగా వేయించాను. ఒకేసారి అంతా వేస్తే కీమాలోంచి నీరు ఊరి ఉడుకుతుందే తప్ప వేగదు, రంగు తిరగదు. ఆ రంగులోనే సగం రుచి ఉంది. 400 గ్రాముల టొమాటో డబ్బాలు రెండు, తర్వాత 200 మిల్లీలీటర్ల పాలు పోసి, మధ్యలో అవసరమైనప్పుడల్లా వేడినీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ ఇగరనిచ్చాను. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత రెండు క్షణాలు చెదరకుండా ఉండి, అంచుల్లో నూనె తేలితే రగూ సిద్ధమైనట్టే. గంట దాటిన తర్వాత ఇల్లంతా ఓడ భోజనశాల వాసన వచ్చిందని మా అమ్మ తన గదిలోంచే చెప్పింది.

రెండోసారి చేసిన ప్రయత్నం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పొరపాటు ఎవరికైనా జరగవచ్చు. గ్యాలీలో వంటమనిషి ఒక ట్రేకు 24 ముక్కలు వస్తాయనీ, దానికి సుమారు 1.7 కిలోల కీమా పడుతుందనీ చెబితే రాసుకున్నాను. మేము ఆరుగురం కదా అని అన్నింటినీ నాలుగుతో భాగించాను. లజానియా ఎండిన అట్టలా వచ్చింది. హోటళ్లలోనూ ఓడల్లోనూ వాడే ప్రామాణిక ట్రే 53 సెంటీమీటర్ల పొడవు, 32.5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. నా ట్రే 33 సెంటీమీటర్ల పొడవు, 23 సెంటీమీటర్ల వెడల్పు. అడుగు వైశాల్యం లెక్కిస్తే అది సుమారు 1,722 చదరపు సెంటీమీటర్లు, ఇది 759. అంటే నా ట్రే వాళ్ల ట్రేలో నూటికి 44 వంతులు. అందులో పాతిక వంతుల సరుకే పరిచాను కాబట్టి పొరలు పల్చబడి ఎండిపోయాయి. మనుషుల లెక్కన కాదు, ట్రే వైశాల్యం లెక్కన భాగించాలి. 1.7 కిలోలలో 44 వంతులంటే సుమారు 750 గ్రాములు. పై పేరాలో చెప్పిన తూకం అలా వచ్చిందే. దీనికి తోడు పెద్ద పాత్రలో వండేటప్పుడు పదార్థం ఎక్కువ, పైకి తెరిచి ఉండే భాగం దానితో పోలిస్తే తక్కువ కాబట్టి నీరు నెమ్మదిగా ఇగురుతుంది. మన చిన్న మూకుడులో అదే వంట త్వరగా ఎండిపోతుంది. చాలామంది అప్పుడు ఉడికే సమయాన్ని తగ్గిస్తారు. తగ్గించవలసింది సమయం కాదు, సెగ. సమయం తగ్గితే మాంసం మెత్తబడదు.

నేను తెల్లని గీతలు అన్నవి బెషమెల్ అనే తెల్ల సాసు. మీ వంటకంలో ఇది లేనేలేదు, దాని బదులు మోజరెల్లా ఉంది. ఇటలీలో దక్షిణాన, నేపుల్స్ వైపు, రికోటా, మోజరెల్లా చీజ్‌లతో చేసే లజానియా కూడా ఎంతో పేరున్నదే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ ఓడలో మేము తిన్నది ఉత్తరాదిన బొలోనా పద్ధతిది. ఆ మెత్తదనం బెషమెల్‌దే. లీటరు పాలకు 80 గ్రాముల వెన్న, 80 గ్రాముల మైదా సరిపోయాయి. వెన్న కరిగాక మైదా వేసి, రంగు మారకుండా రెండు మూడు నిమిషాలు కలుపుతూ వేయించాలి. పాలు మొదట కొద్దిగా పోసి ముద్దను పూర్తిగా విడదీశాకే మిగతావి పోస్తే ఉండ కట్టదు. గరిటెజారుగా రాగానే దింపి, ఉప్పు, కొద్దిగా జాజికాయ పొడి కలపాలి. చల్లారాక ఇంకా చిక్కబడుతుందని గుర్తుంచుకుంటే పొయ్యి మీదే గట్టిపడనివ్వరు.

రేకుల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. ముందుగా ఉడికించనవసరం లేని రకం వాడితే అవి సాసులోని నీటిని తాగుతాయి కాబట్టి సాసు కాస్త పల్చగా ఉండాలి, అంచులతో సహా ప్రతి రేకూ సాసు కింద మునగాలి. ఉడికించి వాడే రకానికి సాసు చిక్కగా ఉండాలి. చీజ్ మాత్రం అప్పటికప్పుడు తురుముకున్న పార్మెజాన్ అయితే మంచిది, పొరలన్నిటికీ కలిపి 150 గ్రాములు. తురిమి ప్యాకెట్లలో అమ్మే దానికి అంటుకోకుండా పిండి లాంటివి కలుపుతారు, అందువల్ల అది నున్నగా కరగదు. తాజా మోజరెల్లాలో సగానికి పైగా నీరే ఉంటుంది. మొదటిసారి నా ట్రేలో నిలిచిన నీళ్లలో చాలా భాగం దానిదే.

అన్నీ పేర్చాక 180 డిగ్రీల ఓవెన్‌లో మూత కప్పి అరగంట, మూత తీసి మరో పావుగంట ఉంచాను. స్టీలు ట్రే మీద అల్యూమినియం ఫాయిల్ కప్పేవారు అది సాసుకు తగలకుండా మధ్యలో బేకింగ్ కాగితం వేసుకోవాలి. ఉప్పూ పులుపూ ఉన్న సాసు ఆ రెండు లోహాల మధ్య చిక్కితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, ఫాయిల్‌కు సన్నని చిల్లులు పడి ఆ లోహం తినే పదార్థంలోకి దిగుతుంది. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచినప్పుడు నేను ఈ చిల్లులను స్వయంగా చూశాను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ముందురోజు వండి ఉంచమని చెప్పేవారు, ఎలా ఉంచాలో కూడా చెప్పి తీరాలి. రాత్రంతా బల్లమీద వదిలేసిన లజానియా రుచి మాట అటుంచి, ఆరోగ్యానికే ముప్పు. అమెరికా రేవులకు వచ్చే క్రూయిజ్ ఓడలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రాల వారు 1970ల నుంచీ తనిఖీ చేస్తున్నారు. నూటికి 85 లేదా అంతకన్నా తక్కువ మార్కులు వస్తే ఆ ఓడ తప్పినట్టే. వండిన ఆహారాన్ని 57 డిగ్రీలనుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడినుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో చల్లార్చాలని వారి నియమం. చల్లార్చిన దాన్ని మళ్లీ వడ్డించేముందు 74 డిగ్రీలు దాటేలా వేడి చేయాలి. ఓడల్లో దీనికోసం వేగంగా చల్లార్చే యంత్రాలు ఉంటాయి. ఇంట్లో అవి లేకపోయినా లోతు తక్కువ ట్రే వాడి, జాలీ మీద పెట్టి గాలి ఆడనిచ్చి, ఆవిరి తగ్గగానే, ఏ పరిస్థితిలోనూ రెండు గంటలు దాటకుండా, ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది. మర్నాడు చల్లగా ఉన్నప్పుడే కోసి, ముక్కల మధ్య కొద్దిగా ఎడం ఉంచి, మూత కప్పి, 160 డిగ్రీల ఓవెన్‌లో నడిమి భాగం 74 డిగ్రీలకు చేరేవరకు వేడి చేయాలి. గుచ్చి చూసే థర్మామీటరు ఉంటే ఇందులో ఊహతో పనిలేదు. చివరి ఐదు నిమిషాలు మూత తీసి పైసెగ పెడితే పెచ్చు మళ్లీ కరకరలాడుతుంది.

నాలుగోసారి ఇవన్నీ పాటించాను. ముక్క పళ్లెంలో నిలబడింది. ఓడలోని ఓవెన్లు ఆవిరినీ వేడిగాలినీ కలిపి పంపేవి కావడం వల్ల కాబోలు, అక్కడి పై పెచ్చు ఇంకాస్త పల్చగా, సమంగా ఉండేది. నాది ఒక పక్క ఎక్కువ మాడింది. రుచిలో మాత్రం తేడా నాకు తెలియలేదు. మా అమ్మ మొదటి ముద్ద తిని కాసేపు ఏమీ అనలేదు, తర్వాత రెండో మూల ముక్క కూడా తనకే ఉంచమంది.

కాబట్టి సంపాదకులకు నా విన్నపం ఇది. వంటకాలు అచ్చువేసేటప్పుడు కప్పుల లెక్క బదులు గ్రాముల్లో తూకం ఇవ్వండి. ట్రే పొడవు, వెడల్పు, లోతు రాయండి. వండే సమయం, కదపకుండా ఉంచే సమయం, నిలువ ఉంచే పద్ధతి విడివిడిగా ఇవ్వండి. ముప్పావు గంట అని శీర్షికలో పెడితే ఎక్కువమంది చదువుతారన్నది నిజమే కావచ్చు. కానీ ఆ మాట నమ్మి సరుకులు కొని, ఇంట్లో పెద్దవాళ్లకు మాట ఇచ్చి, చివరికి నీళ్లు నిలిచిన ట్రే ముందు నిలబడేవారు మీ పాఠకులే. మూడు గంటల వంటను మూడు గంటల వంట అని ముందే చెబితే, చేయగలిగినవాళ్లు తీరిక ఉన్న రోజు చూసుకుని చేసుకుంటారు. వీలైతే అదే లజానియాను సరైన సమయాలతో, ఇక్కడ నేను రాసిన తూకాలను మీ వంటల విభాగం వారు ఒకసారి స్వయంగా వండి సరిచూసి, మరో ఆదివారం అనుబంధంలో తిరిగి అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
మీ పత్రిక పాఠకురాలు